పందొమ్మిదో మెట్టు

రండి, రండి. ఇంకాస్త ముందుకి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా. నాది పెద్ద గొంతు కాదు, ఇది గొంతెత్తి చెప్పే కథ అంతకన్నా కాదు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరి పుస్తకాలు, ఎవరి పెన్సిళ్ళు వాళ్ళు సంచుల్లో పెట్టేసుకోండి. మధ్యలో ఏదైనా దొర్లితే మీకంటే ముందు నేనే ఉలిక్కిపడతాను. పెట్టేశారా? అందరూ? సరే.

బొమ్మలు నడిచే సినిమాలు మీరు చూసే ఉంటారు. కాగితం మీద గీసినవి కాదు. గుడ్డతో, తీగలతో, మైనంతో చేసిన బొమ్మలు, చేత్తో పట్టుకునేవి. అవి ఎలా నడుస్తాయో తెలుసా? అసలు నడవవు. ఒకరు కూర్చుని బొమ్మ కాలిని గోరంత జరుపుతారు, ఒక ఫొటో తీస్తారు. మళ్ళీ గోరంత, మళ్ళీ ఫొటో. అలా ఇరవై నాలుగు తీసి వరసగా తిప్పితే, మీరు ఒక్క చిటిక వేసేంత సేపు ఆ బొమ్మ నడుస్తుంది. ఒక్క చిటికకి పూట పని. ఎంత ఓపిక కావాలో చూడండి. మీరు రెండో ఎక్కం పూర్తయ్యేదాకా కుదురుగా కూర్చోరు.

ఈ పనిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. చిన్నప్పుడే తల్లి పోతే చెల్లెలికి తల దువ్వినదీ, బడికి పంపినదీ, పెద్దయ్యాక ఈ పని చేతిలో పెట్టినదీ అక్కే. అక్క వేళ్ళు సన్నగా, నెమ్మదిగా ఉండేవి. బొమ్మని ముట్టుకుంటే నిద్రపోయే పసిపిల్లకి దుప్పటి కప్పుతున్నట్టు ఉండేది. చెల్లెలు చురుకు. అక్క ఒకటి చేసేలోపు మూడు చేసేది, అందులో రెండు మళ్ళీ చేయాల్సి వచ్చేది.

"నీ చేతుల్లో చీమలున్నాయే," అనేది అక్క.

"నీ చేతుల్లో నత్తలున్నాయి," అనేది చెల్లెలు.

వాళ్ళ స్టూడియో ఒక పిల్లల పుస్తకాన్ని సినిమాగా తీస్తోంది. కథ చిన్నదే. ఒక ఊళ్ళో సూర్యుడు లేవడం మరిచిపోతాడు. ఆయన్ని లేపడానికి ఒక చిన్నపిల్ల నలభై ఒక్క మెట్లు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడకూడదు. చూస్తే ఇక తెల్లవారదు. ఆ పిల్ల బొమ్మ జానెడు ఎత్తు. దానికి తొడిగిన బూడిదరంగు కోటు చెల్లెలి చిన్ననాటి స్వెట్టరు కత్తిరించి అక్క కుట్టినదే.

ఆ మెట్లెక్కడం మొత్తం వెనకనుంచి, మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే షాటుగా తీయాలి. మూడు నెలల పని. అక్కకే ఇచ్చారు. ఇంకెవరూ తీయలేరు కాబట్టి ఇచ్చారు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి. ఆ బొమ్మ మూతి ఊడొస్తుంది. 'అ' అన్నప్పుడు ఒక మూతి, 'ప' అన్నప్పుడు పెదాలు మూసిన మూతి, అలా ముప్పై మూతులు చిన్న పెట్టెలో అరలు అరలుగా ఉంటాయి. మెట్ల షాటులో వీపే కనబడుతుంది కదా, అందుకని మూతి పెట్టలేదు. ముక్కు కింద కోడిగుడ్డులా నున్నగా ఉండేది. పెట్టె అక్క బీరువాలో తాళం వేసి ఉంది.

రెండోది. బొమ్మ పడిపోకుండా మెట్లు కట్టిన బల్ల కిందనుంచి దాని పాదంలోకి స్క్రూ బిగిస్తారు. అంటే ప్రతి అడుగుకీ చెక్కకి ఒక చిల్లు. అడుగు దాటాక పైన మైనంతో పూడ్చేస్తారు, మీకు కనబడదు. కానీ బల్ల కిందకి దూరి చూస్తే ఆ బొమ్మ ఎక్కడెక్కడ నడిచిందో అంతా చిల్లులే. ఒక్కో చిల్లు పక్కన అక్క పెన్సిలుతో రాసేది. "12 ఎడమ". "12 కుడి". ఆ పెన్సిలు ఆకుపచ్చది. వెనక కొస నమిలి నమిలి పీచులా చేసింది. ఎప్పుడూ చెవి మీదే ఉండేది. స్నానానికి కూడా తియ్యదని చెల్లెలు ఏడిపించేది.

షాటు నడుస్తున్న గది తలుపు పిడికి ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉంటే లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. డైరెక్టరైనా సరే. కిటికీలకి నల్లగుడ్డలు, లోపలికి కాస్త ఎండ పొడ కూడా రాదు. పట్టపగలు కూడా ఆ గది చీకటే. వేడెక్కిన దీపాల వాసన, మైనం వాసన, జిగురు వాసన.

ఒక మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళింది. బొమ్మ పందొమ్మిదో మెట్టు మీద ఉంది. చెల్లెలి ఫోను ఆగిపోయింది. ఛార్జరు పొద్దున అక్క తీసుకుంది, ఆ గదిలోనే ఉంది.

ఒక్క నిమిషం అనుకుంది చెల్లెలు. ఎర్రగుడ్డ పక్కకి తోసి లోపలికి వెళ్ళింది. ఛార్జరు తీసుకుంది. వెనక్కి తిరిగేటప్పుడు మోచెయ్యి కెమెరా స్టాండుకి తగిలింది.

టక్.

అంతే చప్పుడు. స్టాండు వెంట్రుకవాసి జరిగింది. కళ్ళతో అంచనా వేసి, ఇదివరకు ఇలాగే ఉండుంటుందని మెల్లగా వెనక్కి నెట్టింది. బయటికొచ్చి తలుపు మూసింది.

అక్క తిరిగొచ్చి కాసేపటికి తలుపు తీసి పిలిచింది.

"లోపలికి ఎవరైనా వచ్చారా?"

"లేదే. ఏం?"

"ఏమో. గది నాది కానట్టుంది. ఏదైనా ఉంటే చెప్పవే, తిట్టను. ఇప్పుడైతే సర్దుకోవచ్చు. ఒక్క రోజు పోతుంది, అంతే."

"ఏం లేదక్కా."

పిల్లలూ, ఆ మాట అన్నాక కూడా నోట్లోంచి ఇంకో మాట తీయడానికి టైముంది. సాయంత్రం దాకా ఉంది. మర్నాడు పొద్దున్న దాకా ఉంది. ఆమె ఆ రాత్రి అక్క పక్కనే పడుకుంది కూడా. రేపు చెబుతాననుకుంది. మర్నాడు బొమ్మ ఇంకో మెట్టుకి కాలెత్తింది. ఎంత ఎక్కితే చెప్పడం అంత కష్టమైపోయింది.

ఐదు వారాల తర్వాత ముప్పైమూడో మెట్టు దగ్గర పెద్ద తెర మీద వేసి చూశారు. చిన్న తెర మీద తెలియని తప్పు పెద్ద తెర మీద దాగదు. పిల్ల పందొమ్మిదో మెట్టు మీద కాలు పెట్టగానే మెట్లన్నీ, గోడా, ఆకాశం ఒక్క కుదుపుతో అదిరాయి.

"ఇదేంటి, మెట్లకి చలి పుట్టిందా?" అన్నాడు డైరెక్టరు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఐదు వారాలు పాయె. అమ్మా, ఎవరు తగిలారు కెమెరాకి?"

అక్క తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఈ మధ్య టీ కప్పు పట్టుకుంటే కాస్త వణికేవి.

"నా చెయ్యే తగిలుంటుందండీ," అంది. "నాకే తెలియలేదు."

చెల్లెలు పక్క కుర్చీలోనే ఉంది. మోచేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

షాటు అక్క దగ్గరనుంచి తీసేసి చెల్లెలికిచ్చారు. మొదటి పద్ధెనిమిది మెట్లు అక్కవి ఉంచి, అక్కణ్ణుంచి మళ్ళీ తీయమన్నారు. అక్క ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత బొమ్మని ముట్టుకోలేదు. సూదిలో దారం ఎక్కించమన్నా చేతులు దుప్పట్లో దాచుకునేది. ఆ చలికాలం ఛాతీలో జలుబు చేరింది. ఆస్పత్రిలో చేర్చారు. చివరిరోజున చెల్లెలితో అన్న మాట ఇదొక్కటే.

"ఈ చేతులు నన్ను మోసం చేశాయే."

నీ చేతులు కాదక్కా అనాలి కదా? నోరు తెరిచింది కూడా. నర్సు మందు పట్టుకొచ్చింది. నర్సు వెళ్ళేసరికి అక్క నిద్రపోయింది. అంతే, లేవలేదు.

పెన్సిలు మాత్రం ఎక్కడా దొరకలేదు. చెవి మీద లేదు, తలగడ కింద లేదు, సంచిలో లేదు.

అక్క పోయిన వారానికి చెల్లెలు పనిలోకి వచ్చింది. బొమ్మ అప్పటికి ముప్పయ్యో మెట్టు మీద ఉంది. ఆ రోజు పద్ధెనిమిది ఫొటోలు తీసింది, తీసిన ప్రతి ఫొటోకీ కాగితం మీద గీత పెట్టింది. సాయంత్రం కంప్యూటర్లో చూస్తే పందొమ్మిది ఉన్నాయి.

గీత పెట్టడం మరిచిపోయానేమో అనుకుని ఒక్కొక్కటీ తిప్పింది. పదిహేడు... పద్ధెనిమిది... చివరిది.

చివరిదాంట్లో బొమ్మ ముప్పయ్యో మెట్టు మీద లేదు. పందొమ్మిదో మెట్టు మీద ఉంది. కెమెరావైపు తిరిగి ఉంది. ముక్కు కింద మూతి ఉంది. పళ్ళు కాస్త కనిపించేలా, ఏదో అనబోతున్నట్టు తెరుచుకుని ఉంది.

ఆమె తలెత్తి బల్లవైపు చూసింది. బొమ్మ ముప్పయ్యో మెట్టు మీదే ఉంది. వీపు ఇటే. కోటు ఇటే.

ఎవరో ఆటపట్టిస్తున్నారని అనుకుంది. అనుకోవాలి కదా మరి. అక్క బీరువా తాళం తీసి పెట్టె చూసింది. ముప్పై అరలు, ముప్పై మూతులు. ఆ ఫొటోని తీసేసి ఇంటికెళ్ళింది. మర్నాడు పొద్దున్న చూస్తే తీసేసిన ఫొటో అక్కడే ఉంది.

"ఏమ్మా," తలుపు బయటనుంచి డైరెక్టరు అరిచాడు, "మన పిల్ల ఎక్కుతోందా, మెట్టు మీద కూర్చుని టీ తాగుతోందా?"

"ఎక్కుతోందండీ."

ఆ రోజు కూడా ఒకటి ఎక్కువ. పందొమ్మిదో మెట్టు. మొహం ఇటు. ఈసారి పెదాలు గట్టిగా కలిసి ఉన్నాయి. మూడో రోజు ఇంకొకటి. పై పళ్ళు కింది పెదవి మీద ఆనీ ఆననట్టు...

బయట ఎండ కాస్తోంది. కారిడార్లో ఎవరో సైకిలు గురించి పోట్లాడుకుంటున్నారు. ఈ గదిలో మాత్రం దీపాల చిన్న రొద. మైనం వాసన. దాని కింద ఇంకేదో వాసన... ఆస్పత్రి దుప్పటిది.

ఇన్నేళ్ళుగా మూతులు మారుస్తూ బొమ్మల చేత మాట్లాడించిన మనిషి ఆమె. మూతి చూస్తే ఏ మాటో తెలియకుండా ఉంటుందా? తెలుసు. అయినా మూడు ఫొటోలూ వరసగా పెట్టి తిప్పింది.

బొమ్మ ఇటు తిరిగి... పళ్ళు కనిపించాయి. పెదాలు కలిశాయి. పెదవి పంటి కిందికొచ్చింది.

చప్పుడు లేదు. అయినా వినబడింది. అక్క గొంతుతోనే.

చెప్పవే.

ఆమె కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. తర్వాత తలుపు గడియ వేసిందో లేదో చూసుకుంది. చూడండి, అప్పుడు కూడా ముందు గడియే చూసుకుంది. బొమ్మ వీపు దగ్గరికి మొహం తీసుకెళ్ళి గుసగుసగా అంది.

"అక్కా... ఆ రోజు వచ్చింది నేనే. ఛార్జరు కోసం. నా మోచెయ్యే తగిలింది. నీ చేతులు కాదు. నీ చేతులు ఏ తప్పూ చేయలేదు..."

అని ఏడ్చింది. మనసు తేలికైంది. మర్నాడు నాలుగో ఫొటో వచ్చింది. పందొమ్మిదో మెట్టు మీద బొమ్మ, ఇటే చూస్తోంది. నోరు మూసుకుని ఉంది.

సరేనన్నట్టుంది అనుకుంది చెల్లెలు. మూసిన నోరు సరేనన్నట్టూ ఉంటుంది, ఎదురుచూస్తున్నట్టూ ఉంటుంది. ఆమె తనకి నచ్చినట్టు చదువుకుంది.

ఆ తర్వాత అదనపు ఫొటోలు రాలేదు. బొమ్మ నలభై ఒకటో మెట్టు ఎక్కేసింది.

షాటు మొత్తం వేసి చూసే రోజున వడ్రంగులు, కుట్టుపనివాళ్ళు, రంగులవాళ్ళు అందరూ వచ్చారు. ఎక్కడా కుదుపు లేదు. పిల్ల నీళ్ళలో చేప కదిలినట్టు పైకెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు లేచి నిలబడి జేబులోంచి కాగితం తీశాడు.

"సినిమా చివర వేసే పేర్లు. బొమ్మల్ని నడిపినవారు, మన చిన్నమ్మాయి. పెద్దావిణ్ణి దుస్తులు కుట్టినవాళ్ళలో వేశాం. పాపం, చివర్లో చెయ్యి చెడగొట్టింది, అయినా మరిచిపోలేం కదా. ఇది రేపు పొద్దున్న అచ్చుకి వెళ్ళిపోతుంది. ఎవరైనా ఏదైనా చెప్పాలా?"

అందరినీ చూస్తూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు.

"నువ్వు చెప్పమ్మా."

ముప్పైమంది ఆమెవైపు చూస్తున్నారు. అందరి మొహాల్లోనూ మెచ్చుకోలు. అంత మెచ్చుకోలు ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాలుక కొసన మాట ఉంది. చీకట్లో, గడియ వేసుకుని, బొమ్మ వీపుకి చెప్పిన మాటే.

"ఏం లేదండీ," అంది.

సాయంత్రం బొమ్మని విప్పి పెట్టెలో పెట్టడానికి ఒక్కతే ఆ గదికి వెళ్ళింది. చేత్తో టార్చి పట్టుకుని, పాదం స్క్రూ విప్పడానికి బల్ల కిందకి దూరింది.

స్క్రూ లేదు.

రెండు పాదాల కిందా చిల్లులే ఉన్నాయి, స్క్రూలు లేవు. పైన బొమ్మ ఏ ఆధారం లేకుండా నిలబడి ఉంది.

టార్చి పక్కకి తిప్పింది. పాత చిల్లులన్నీ వరసగా ఉన్నాయి, పక్కన అక్క రాసిన అంకెలతో. "17 ఎడమ". "18 కుడి". "19 ఎడమ". అక్కడినుంచి... ఇంకో వరస మొదలైంది. మెట్ల వైపు కాదు. బల్ల అంచు వైపు. ఆమె రోజూ కూర్చునే స్టూలు వైపు.

కొత్త చిల్లులు. చుట్టూ చెక్కపొడి ఇంకా తెల్లగా ఉంది. వేలు పెడితే రాలింది. డ్రిల్లు మిషను వడ్రంగి గదిలో ఉంటుంది, తాళం వేసి.

ఒక్కో చిల్లు పక్కన పెన్సిలుతో అంకె. "42 ఎడమ". "42 కుడి". "43 ఎడమ"...

రెండుకి మెలిక తిప్పి, నాలుగు పొట్ట సాగదీసి. ఆ రాత ఆమెకి తెలుసు. దాంతోనే ఆమె అంకెలు నేర్చుకుంది.

బల్ల అంచు దాకా వచ్చాయి. తర్వాత బల్ల కాలు మీద, కిందికి. తర్వాత నేల చెక్క మీద.

ఆమె బల్ల కిందనుంచి ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. బొమ్మ పైమెట్టు మీదే ఉంది, వీపు ఇటే. కానీ ఆ మొహం చూడాలంటే అటువైపు వెళ్ళాలి.

వెళ్ళలేదు. తలుపు తీసి పరిగెత్తింది.

మూడో రోజు పొద్దున్న ఇంటి గుమ్మం చెక్కకి రెండు చిల్లులు కనిపించాయి. పక్కన "61". అప్పుడు ఫోను తీసి డైరెక్టరుకి చేసింది. అంతా చెప్పింది. ఛార్జరు, మోచెయ్యి, అక్క చేతులు, అంతా. ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

అంతా విని ఆయన అన్నాడు.

"ఇప్పుడు చెబితే ఏం చెయ్యనమ్మా? అచ్చుకి వెళ్ళిపోయింది. మార్చడం నా చేతుల్లో లేదు. పోయినావిడకి పేరుతో పనేముంది? అలసిపోయావు, పడుకో."

ఆ రాత్రి ఆమె దీపం ఆర్పలేదు. కన్ను మూయకూడదనుకుంది. తెల్లవారుజామున ఎప్పుడో కళ్ళు మూతపడ్డాయి. లేచి చూస్తే చెక్కమంచం తలాపున, దిండు పక్కన, వేలెడు దూరంలో ఒక చిల్లు. తెల్లటి చెక్కపొడి ఆమె జుట్టులో కూడా పడి ఉంది.

పక్కన "74 ఎడమ" అని ఉంది.

కుడి లేదు. ఇంకా.

ఆ తర్వాతా? ఆ తర్వాత ఏమైందో నేను ఎవరి నోటా వినలేదు. లేవండి, లేవండి, పొద్దు వాలిపోయింది. ఇళ్ళకెళ్ళి కాళ్ళు చేతులు కడుక్కుని అన్నం తినండి. ఎవరికైనా ఎవరితోనైనా చెప్పాల్సింది ఉంటే మొదటి ముద్దకి ముందే చెప్పేయండి. గోడకి కాదు, పిల్లికి కాదు. ఆ మనిషికే. కిటికీ అద్దం పగలగొట్టినవాళ్ళు నాకిప్పుడే చెప్పినా పరవాలేదు, తిట్టను.

ఊఁ. నువ్వా? సరే, రేపు చూద్దాం. వెళ్ళు.

ఒక్క నిమిషం, ఆగండి. మీరు కూర్చున్న చోట ఇదెవరిదో పడిపోయింది. ఆకుపచ్చ పెన్సిలు. అందరూ సంచుల్లో పెట్టుకోమన్నానా లేదా? ఎవరిది? వెనక కొస ఇలా నమిలేసింది ఎవరు?

ఎవరిదీ కాదా?

...సరే. వెళ్ళండి. అన్నం చల్లారిపోతుంది. పరిగెత్తకండి. కలిసి వెళ్ళండి.